ఋతువును చెప్పే చెట్లు: ఇంటివారు గమనింపదగిన దేశవాళీ వృక్షముల ఎంపిక

ఔషధ ద్రవ్యము ఏది అన్నది ఎంత ముఖ్యమో, దానిని ఏ కాలమున సేకరించవలెనన్నదీ అంతే ముఖ్యమని మన ప్రాచీన వైద్యుల అభిప్రాయము. చరక సంహిత కల్పస్థానములో ఈ విషయము స్పష్టముగా చెప్పబడినది. లేత కొమ్మలను, ఆకులను వర్ష, వసంత ఋతువులలో తీసుకొనవలెను. వేళ్ళను గ్రీష్మములో గాని శిశిరములో గాని త్రవ్వవలెను. బెరడు, దుంప, పాలు శరత్తులోను, చేవ హేమంతములోను సేకరింపదగినవి. పువ్వుల విషయములో, పండ్ల విషయములో మాత్రము ఆచార్యుడు ఏ ఋతువు పేరునూ చెప్పలేదు. వాటి వాటి కాలము ననుసరించి తీసుకొనవలెనని ఊరుకున్నాడు.

నా వంటి ఇంటి ఇల్లాండ్రు తడబడేది ఆ చివరి మాట దగ్గరనే. ఫలానా చెట్టుకు "దాని కాలము" ఎప్పుడు వచ్చినదో పంచాంగములో వ్రాసి ఉండదు. చెట్టు దగ్గరకు పోయి చూచుకొనవలసినదే.

ఈ సంగతి నాకు 2019లో తెలిసివచ్చినది. మదనపల్లెలో మా అత్తగారు మలబద్ధకముతో బాధపడుతూ, రేలకాయ గుజ్జు కావాలన్నారు. రేల మృదువిరేచనమని, వృద్ధులకు సైతము అనుకూలమని ఈ పత్రికల పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. భాద్రపద మాసము. మా వీధి చివర రేలచెట్టుకు మూరెడు మూరెడు కాయలు వ్రేలాడుతున్నవి. నాలుగు కోయించి, చీల్చి, లోపలి పదార్థమును తీసి నీళ్ళలో పిసికి ఇచ్చాను. విరేచనము కాలేదు సరికదా, ఆ రాత్రి అంతా ఆమెకు కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి. తెల్లవారిన తరువాత ఆమె నన్ను పిలిచి, "ఏమ్మా, కాయ పొడుగు చూసి కోశావా, రంగు చూసి కోశావా?" అని అడిగారు. నేను పొడుగే చూశాను. కాయలన్నీ పచ్చివి.

రేల వేసవిలో పూస్తుంది. వానలు పడేనాటికి కాయ దాదాపు పూర్తి పొడుగు సాగుతుంది. కాని అది నల్లబడి పండుటకు చలికాలము గడవవలెను. మరుసటి పూత దగ్గరపడే దినములలో గాని గుజ్జు నల్లగా, జిగటగా, తీయగా మారదు. చరకుడు ఆరగ్వధ కల్పమున చెప్పిన విధానము చూడండి. ఫలకాలమున పరిపక్వమైన కాయలనే తెచ్చి, ఏడు రాత్రులు ఇసుకలో పూడ్చి ఉంచి, తరువాత తీసి ఎండబెట్టి, గుజ్జును శుభ్రమైన పాత్రలో భద్రపరచవలెనన్నాడు. పుస్తకములో "పరిపక్వమైన" అన్న మాటను నేను అంతకు మునుపు ఎన్నిమార్లు చదివి ఉంటానో! ఒక్కమారైనా దాని మీద కన్ను నిలువలేదు.

ఆ మరుసటి వారమే నూరు పేజీల నోటుపుస్తకము ఒకటి కొని, చెట్ల చిగురు, పూత, పిందె, పండు, ఆకురాలు వ్రాయుట మొదలుపెట్టాను. పుంగనూరులో మా చెల్లెలు, కుప్పములో మా అన్నగారి కూతురు తరువాత నాతో చేరారు. ఈ మూడు ఊళ్ళూ సముద్రమునకు దూరముగా, సుమారు 600 నుండి 800 మీటర్ల ఎత్తున ఉన్న పడమటి పీఠభూమిలోనివి. నైరృతి వానలు కొంత, ఈశాన్య వానలు కొంత అందుకొనే మెట్టనేల.

ఇట్టి లెక్కలు వ్రాయుట కొత్త విద్య ఏమీ కాదు. జపాను దేశములో క్యోటో నగరపు చెర్రీపూల వికాస దినములు తొమ్మిదవ శతాబ్దము నుండి దినచర్యలలోను, రాజదర్బారు వ్రాతలలోను దొరుకుతున్నవి. 2021లో అచ్చట మార్చి 26ననే నిండుపూత వచ్చినది. అంత త్వరగా పూచిన సంవత్సరము ఆ వెయ్యేళ్ళ వ్రాతలలో లేదన్నారు. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అను భూస్వామి 1736లో మొదలుపెట్టిన చిగురు, పూతల లెక్కను అతని వంశీయులు 1958 వరకు సాగించారు. మన దేశములో నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వారి ఆధ్వర్యమున "సీజన్ వాచ్" అను కార్యక్రమము నడుస్తున్నది. బడిపిల్లలు, గృహస్థులు ఎవరైనా ఒక చెట్టును ఎంచుకొని వారమునకొక మారు చూచి వ్రాయవచ్చును. కేరళలో వేలాది పిల్లలు ఈ పని చేస్తున్నారు.

ఇక ఎంపిక. తొలి సంవత్సరము నేను ఎంచుకొన్న చెట్లు దాదాపు అన్నీ పనికిరానివయినవి. మొదటిది మా ఇంటి ముందరి ఎర్ర తురాయి. మే నెలలో నిప్పు పెట్టినట్లు పూస్తుంది కనుక చూచుటకు సులభమనుకొన్నాను. అది మడగాస్కరు ద్వీపపు చెట్టు. అందమునకు కొదువలేదు గాని, మన గ్రంథములలో దాని ప్రసక్తి లేదు. మన ఇంట దానితో పనీ లేదు. హార్స్లీ కొండ మీది నీలగిరి చెట్లూ అంతే, పరదేశమునుండి తెచ్చి నాటినవే. మనము ఎంతో మనదనుకొనే చింత కూడ ఆఫ్రికా ఖండమునకు చెందినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పగా విని మా చెల్లెలు వారము దినములు నమ్మలేదు. చింతను మాత్రము నేను విడిచిపెట్టలేదు. శతాబ్దాల కాపురము చేసిన కోడలిని పరాయిపిల్ల అనలేము కదా. పుంగనూరు పొట్టి ఆవును దేశవాళీ అని దణ్ణము పెట్టే మనము, వీధిలో నాటే చెట్టు దేశవాళీయా కాదా అని అడుగుట మాత్రము లేదు.

రెండవది వేప. జాతి మంచిదే, చెట్టు మంచిది కాదు. స్నానాలగది నీళ్ళు పారే కాలువ ప్రక్కన ఉండుటచేత అది వేసవిలోను పచ్చగానే నిలిచి, ఆకురాల్చుటలో మిగతా వేపలకంటె ఎంతో వెనుకబడినది. నీరు తాగిన చెట్టు వాన సంగతి మనకు చెప్పదు. మూడవది కానుగ. అది కరెంటు తీగల క్రింద ఉన్నది. మొగ్గ తొడిగిన వారములోనే తీగలకు తగులుతున్నవని కొమ్మలు కొట్టించారు. ఆ సంవత్సరము దాని పేజీ ఖాళీ.

కనుక నా అనుభవము మీద చెప్పునదేమనగా, జాతిని ఎంచిన తరువాత చెట్టును వేరుగా ఎంచవలెను. నీరు పెట్టనిది, కొమ్మలు కొట్టనిది, ఎవరి ఆజ్ఞా లేక ప్రతి వారమూ చూడగలిగినది, గుర్తించుటలో పొరపాటు పడనిది కావలెను. ఒక్కొక్క జాతిలో మూడు చెట్లు ఉంటే మేలు. ఒకే వీధిలో రెండు వేపలు రెండు వారాల తేడాతో పూయుట నేను చూశాను. మదనపల్లెకూ కుప్పమునకూ నడుమ ఉన్న తేడా అంత కూడ ఉండదు. ఒక్క చెట్టునే పట్టుకొని ఊరి వాతావరణమును తీర్పు చెప్పరాదు.

మా మూడు ఇండ్లలో ఇప్పుడు నిలిచిన జాతులు వేప, కానుగ, రేల. వీటిలో వేపను గురించి విపులముగా చెప్పవలసి యున్నది.

ఉగాదికి వేపపూవు లేని తెలుగు ఇల్లు లేదు. ఉగాది నాటికి వేప పూయుట ప్రకృతి నియమమని మనందరి నమ్మకము. అయితే చాంద్రమానము ప్రకారము ఉగాది ముందుకూ వెనుకకూ జరుగుతుంది. 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న ఉగాది. మూడు వారాల తేడా! వేప ఎండను, నేలలోని తేమను అనుసరిస్తుందే గాని అధికమాసమును ఎరుగదు. 2023 ఉగాదికి మా చెట్లకు ఇంకా గట్టి మొగ్గలే. ఒక రెమ్మ కొరకు మా చెల్లెలు పుంగనూరు చెరువు వైపు అంతా తిరిగి వచ్చినది. 2024 ఉగాదికి చెట్టు క్రింద తెల్లని జల్లు పరచినట్లు పూత రాలియున్నది. ఉగాదిని కొలబద్దగా పెట్టుకొన్నవారు మొదటి ఏడు పూత ఆలస్యమనీ, రెండవ ఏడు పూత ముందే వచ్చినదనీ అనుకొనేవారు. రెండు మాటలూ తప్పే.

కేరళీయులకు ఈ చిక్కు లేదు. వారి విషు పండుగ సౌరమానము ప్రకారము ఏప్రిల్ 14, 15 తేదీలలోనే వస్తుంది. ఆనాడు దేవుని ముందు ఉంచే కణికొన్న మన రేలపూవే. ఇటీవలి సంవత్సరములలో అది విషుకు చాల ముందే పూచి రాలిపోతున్నదని అచ్చటివారు ఆందోళన పడుతున్నారు. తేదీ కదలదు కనుక పూత కదిలినది వారికి తెలిసినది. మనము మాత్రము తిథిని వ్రాసుకొన్నా ప్రక్కన ఇంగ్లీషు తేదీని తప్పక వ్రాసుకొనవలెను. లేనిచో పది సంవత్సరముల నోటుపుస్తకము ఉన్నా ఏ సంవత్సరమునూ మరొకదానితో పోల్చుటకు వీలుండదు.

వేప విషయములో ఇంతకంటె పెద్ద ప్రయోజనము 2021లో కలిగినది. ఆ యేడు వానాకాలము చివర తెలంగాణలోను, మన రాష్ట్రములోను వేపచెట్లు పైనుండి ఎండిపోవుట చూచి ప్రజలు భయపడినారు. కొందరు అరిష్టమన్నారు. కొందరు చెట్టు చచ్చినదని కొట్టివేశారు. మా వీధిలోను ఒక పెద్ద వేపకు గొడ్డలి పెట్టబోయినారు. ఇంటి యజమాని నాతో, "ఆకు రాల్చే కాలమే కదమ్మా, అనుకొన్నాము. ఇంత ఎండు ఎప్పుడూ చూడలేదు" అన్నారు. నేను పుస్తకము తెరచి చూశాను. అంతకు ముందు శీతకాలములలో మా చెట్లు ఆకు రాల్చినది మాఘ, ఫాల్గుణములలో. రాలిన కొన్ని దినములకే రాగిరంగు చిగురు. ఇప్పుడు నడుస్తున్నది కార్తికము. పైగా ఆకు పసుపుబారి రాలలేదు. రెమ్మల చివరలు గోధుమరంగుకు తిరిగి, ఆకు కొమ్మకే అంటుకొని వ్రేలాడుతున్నది. ఇది ఋతుధర్మము కాదు, రోగము.

ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రము ఈ కొమ్మఎండు తెగులునకు కారణము. దీనిని 1997లో మన దేశపు పరిశోధకులే కొత్త జాతిగా వర్ణించారు. లేత రెమ్మల రసము పీల్చే టీ దోమ అను పురుగు చేసిన గాయములు కూడ తెగులునకు తోడవుతవి. వానలతో మొదలై చలికాలము దాక సాగుట దీని లక్షణము. ఎదిగిన చెట్లు చాల భాగము దీనివలన చావవు. వేసవి రాగానే ఎండిన కొమ్మల వెనుకనుండి మరల చిగురిస్తవి. ఈ మాట చెప్పి ఆ యజమానిని మూడు నెలలు ఆగమన్నాను. ఎండిన కొసలను మాత్రము కోయించి కాల్పించారు. ఫాల్గుణము దాటగానే చెట్టు చిగిర్చినది. అయితే వేపపూత వచ్చేది కొత్త రెమ్మల మీదనే కనుక, చివరలు చెడిన చెట్లకు ఆ ఏడు పూత పలుచగానే ఉన్నది. కాయలు దాదాపు లేవు. ఆ చెట్టు నేటికీ ఉన్నది. దాని క్రిందనే వారి మనుమలు ఆడుకొంటున్నారు.

వేపపూవు సేకరణకు ఒక చిన్న సూచన. పూలు సాయంకాలము దాటి విచ్చి రాత్రి పరిమళిస్తవి. రాత్రి చెట్టు క్రింద ఉతికిన పంచె పరచి తెల్లవారుజామున దులిపితే తేమ లేని శుభ్రమైన పూవు దొరుకుతుంది. నీడన ఆరబెట్టి, గాజుసీసాలో పోసుకొని, నేతిలో వేయించి చారులోనో అన్నములోనో వాడవచ్చును. బస్సులు తిరిగే బాట ప్రక్క చెట్టు పూవు వద్దు. వేపనూనెను మాత్రము పసిపిల్లలకు లోపలికి పట్టరాదు, ప్రమాదకరము. విత్తు నాటదలచినవారు పండు రాలిన రెండు మూడు వారాలలోపలే నాటవలెను. తరువాత మొలకెత్తే శక్తి శీఘ్రముగా పోతుంది. నోటుపుస్తకములో పండ్ల వారము వ్రాసి ఉండనిచో ఆ గడువు మనకు తెలియదు.

కానుగ గురించి చెప్పవలసినది కొంచెమే గాని ముఖ్యమైనది. ఫాల్గుణ చైత్రములలో పాత ఆకు రాల్చి, మెరుగు పెట్టినట్లున్న లేత ఆకు తొడుగుతుంది. వెనువెంట తెలుపు, ఊదా కలిసిన పూత. కాయ పండుటకు మాత్రము దాదాపు ఏడాది పడుతుంది. చర్మవ్యాధులలో పైపూతకు వాడే కానుగనూనె ఆ పండిన గింజలనుండే రావలెను. ఈ చెట్టు సముద్రపు ఒడ్డునను, ఉప్పునీటి కాలువల గట్లపైనను సహజముగా పెరుగుతుంది. మా మెట్టసీమలోను పెరుగుతుంది. కనుక నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు పాఠకులు మాతో పోల్చి చూడదలచినచో మొదట కానుగను ఎంచుకొనుట మంచిది. తీరప్రాంతమువారికి పొన్న, తాడి కూడ తగినవే. సరుగుడు తోటలను, జీడిమామిడి తోటలను చూచి అవి తీరపు దేశవాళీ వృక్షములని భ్రమపడవద్దు. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా ప్రాంతములది. జీడిమామిడి బ్రెజిలు నుండి వచ్చినది.

తంగేడును నేను విడిచిపెట్టాను. మధుమేహులు దాని పూల కషాయము త్రాగుట మా వైపు వాడుక, ఇంట అవసరము కలదు. వైద్యుడిచ్చిన మాత్రలు మాని త్రాగవద్దని మాత్రము చెబుతాను. అది ఇంచుమించు ఏడాది పొడుగునా ఎంతో కొంత పూస్తూనే ఉంటుంది. మొదలూ చివరా దొరకని పూతను వ్రాయుట కొత్తవారికి విసుగు. ఉసిరి సంగతి వేరు. మార్కెట్టులో అమ్మే పెద్దకాయల చెట్లు తోటలలో నీరు పెట్టి పెంచిన అంటుమొక్కలు. వాటి లెక్క అడవి ఉసిరికి వర్తించదు. కొండ వాలున ఒక నాటు ఉసిరి దొరికినచో వదలకండి. వేసవిలో కనబడీ కనబడని పూత పూచి, పిందె కొన్ని నెలలు ఎదగక అట్లే నిద్రించి, వానలు పడిన తరువాత గాని ఊరదు. ఈ వింతను కంటితో చూచుటకే ఒక సంవత్సరము చాలదు. మోదుగ అన్నిటికంటె స్పష్టముగా పూస్తుంది. మోడు మీద ఎర్రని పూవు. అడవి అంచున నివసించేవారికి అంతకంటె మంచి చెట్టు లేదు. మా పట్టణములలో అది అరుదు.

వ్రాసే పద్ధతి వివరిస్తాను. వారములో ఒక దినమును నిర్ణయించుకోండి. మాకు అది ఆదివారము. ప్రతి చెట్టుకు లేత ఆకు, ముదురు ఆకు, రాలే ఆకు, మొగ్గ, విచ్చిన పూవు, పచ్చికాయ, పండు అని ఏడు గళ్ళు. గడిలో "లేదు", "కొద్ది", "మెండు" అను మూడు మాటలలో ఒకటి వ్రాస్తే చాలును. కొమ్మలలో మూడవ వంతుకు లోపల ఉంటే కొద్ది, మించితే మెండు. లెక్కపెట్టనక్కరలేదు. చివర ఆ వారము వాన పడినదా, ఎన్ని దినములు పడినదని ఒక వాక్యము.

"లేదు" అన్న మాటను వ్రాయుటకు అందరికీ బద్ధకమే. కుప్పము నుండి మా అన్నగారి కూతురు మొదటి సంవత్సరము పంపిన కాగితములలో మార్చి రెండవ వారమున పూత "కొద్ది" అని ఉన్నది. అంతకు ముందు నాలుగు వారముల గళ్ళు ఖాళీ. "ఏమమ్మా, ఈ నాలుగు వారాలూ పూత లేదా, నువ్వు చూడలేదా?" అని ఫోనులో అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అత్తా, పరీక్షల పేపర్లు దిద్దుతూ చూడలేదు" అన్నది. అట్లయినచో పూత మొదలయినది మార్చి రెండవ వారమని చెప్పుటకు లేదు. ఆ పేజీలో "చూడలేదు" అని వ్రాయమన్నాను. నిజము ఒప్పుకొన్న ఖాళీ కూడ పనికివస్తుంది. ఊహించి నింపిన గడి పుస్తకమునంతటినీ పాడు చేస్తుంది.

రేల విషయమునకు వస్తాను. ఆ పొరపాటు జరిగిన మరుసటి సంవత్సరము నుండి మూడు ఊళ్ళలోను రేలకాయ నల్లబడే వారమును మేము ప్రత్యేకముగా కనిపెట్టుతున్నాము. కాయను ఊపితే లోపల గింజలు గలగలమనరాదు. గోటితో గీచినా ఎక్కడా పచ్చదనము కనబడరాదు. అప్పుడు కోసి, ఇసుకలో ఏడు రాత్రులు ఉంచి, ఎండబెట్టి తీసిన గుజ్జును మా అత్తగారికి ఇచ్చాను. ఉసిరికాయంత గుజ్జును వేడినీళ్ళలో కలిపి, వడగట్టి, రాత్రి పడుకొనే ముందు. గర్భిణులు, అతిసారముతో ఉన్నవారు వైద్యుని అడగక దీనిని తీసుకొనరాదు. ఆమెకు మరుసటి ఉదయము సుఖవిరేచనమయినది. నోటుపుస్తకమును తెమ్మని, రేల పేజీలో "పండు: మెండు" అని నేను వ్రాసిన గడిని వ్రేలితో తడిమి చూచి, "ఈ పుస్తకము నాకు కొత్తపెళ్ళికూతురుగా ఉన్నప్పుడే ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ రోజు తేదీని కూడ ఆ గడి ప్రక్కననే వ్రాసుకొన్నాను.